మెయిన్ ఆపినా పోని కరెంటు

నాది అనుమానించే ఉద్యోగం. ఎవరైనా ఇంటికి కొత్తగా వైరింగు చేయించుకుంటే, దానికి కరెంటు ఇవ్వొచ్చా లేదా అని చూసి సంతకం పెట్టేవాణ్ణి. మేస్త్రి "అంతా బాగుంది సార్" అంటే నమ్మకూడదు. ఇంటాయన "మా ఇంట్లో తప్పు ఎందుకుంటుంది" అంటే అసలే నమ్మకూడదు. మేకు ఎక్కడ దిగిందో, జాయింటుకి టేపు చుట్టారో పాత గుడ్డపేలిక చుట్టారో, కళ్ళతో చూసేదాకా ఒప్పుకోకూడదు. నాకు పని నేర్పినాయన మొదటి రోజే చెప్పాడు: "రేయ్, కరెంటు కంటికి కనపడదు. కనపడనిదాన్ని నమ్మినోడు ఎక్కువ కాలం బతకడు." ఆ మాట పట్టుకునే ఉద్యోగమంతా చేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకి నేను చెప్పదలచుకున్నది, అంత అనుమానించేవాణ్ణీ ఒకసారి ఎట్లా మోసపోయానో.

బళ్ళారి మద్రాసు నుంచి మైసూరు రాష్ట్రంలోకి పోయిన నాలుగైదేళ్ళ తర్వాత మాట. మా కరెంటు ఆఫీసులో అప్పటికి రెండు గుంపులు. మద్రాసు కాలంలో చేరిన మేము ఒక పక్క, దక్షిణం నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ళు ఇంకో పక్క. మేము తెలుగులో గుసగుసలాడుకుంటే వాళ్ళ గురించే అని వాళ్ళు అనుకునేవాళ్ళు. వాళ్ళు కన్నడంలో నవ్వుకుంటే మా గురించే అని మేము అనుకునేవాళ్ళం. చాలాసార్లు రెండు పక్కలా అనుకున్నది నిజమే. మా మీద కొత్తగా వచ్చిన ఇంజనీరు కుర్రవాడే కానీ ఫైలు పట్టుకుంటే ముసలి తహసీల్దారులాగా ప్రతి కాగితాన్నీ వెలుతురుకి ఎత్తి చూసేవాడు. నేను రాసిన రిపోర్టు ఏదైనా ఆయన రెండుసార్లు చదివేవాడు. ఒకసారి విషయం కోసం, ఇంకోసారి నా మీద అనుమానం కోసం.

బ్రూస్‌పేటలో బట్టల అంగడి ఉన్న ఒక శెట్టిగారి ఇల్లు ఉండేది. వీధి నుంచి వెనక సందు దాకా పొడుగ్గా సాగిన పాత ఇల్లు. శెట్టిగారు పోయాక కొడుకులిద్దరూ భాగాలు పంచుకున్నారు. అంగడి పంచుకోవడానికి ఆరు నెలలు పట్టింది. ఇల్లు పంచుకోవడానికి ఒక గోడ చాలింది. ముందు గది నుంచి పెరటి చివర దాకా మధ్యలో గోడ లేపారు. ఇంట్లో ఎత్తు గోడ, పెరట్లో మనిషి భుజం దాకా. మీటర్లు కూడా వేరు కావాలన్నారు. తమ్ముడి వైపు కొత్త మీటరు పెట్టేటప్పుడు పరీక్ష చేసి సంతకం పెట్టింది నేనే.

రెండేళ్ళు కావస్తుండగా ఒకరోజు అన్న మా ఆఫీసుకి వచ్చాడు. నలిగిన పంచె, మెడ దగ్గర చినిగిన చొక్కా, మాట్లాడేముందు అటూ ఇటూ చూసే అలవాటు.

"మా ఇంట్లో దండెం తీగె కొడ్తాండాదంట సార్. మా ఆడామె చెప్తాంది. నాకైతే ఎప్పుడూ కొట్టలేదు."

"దండేనికి కరెంటేందప్పా?"

"అదే నేనూ అంటాండా. ఆమెకి ఈ మధ్య రోంత మనసు బాగలేదు. మీరొచ్చి ఏం లేదని చెప్తే ఊరుకుంటాది."

మధ్యాహ్నం మూడు గంటలకి పోయాను. పెరట్లో స్నానాల గది మీదుగా దీపానికి వైర్లు తీసుకుపోయే ఇనుప గొట్టం ఒకటి ఉంది. బట్టలారేసే తీగ ఒక కొసని ఆ గొట్టానికే కట్టారు. రెండో కొస వాకిలి పక్కనున్న కట్టె గూటానికి. టెస్టరు తీసి తీగ మీద పెట్టాను. వెలగలేదు. గొట్టం మీద పెట్టాను. వెలగలేదు. మెయిన్ పెట్టె మీద పెట్టాను. అదీ ఇనుపదే. అక్కడా వెలగలేదు.

అన్నగారి భార్య వంటింటి గడప మీద నిలబడి చూస్తోంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

"మధ్యాన్నం కొట్టదప్పా" అంది. "పొద్దున కొడ్తాది. అదీ దినామూ కాదు."

"కరెంటు టైము చూసుకుని రాదు కదమ్మా."

"నాకేం తెలుసు? జుమ్మంటాది. భుజం దాకా పాకుతాది. నువ్వు పొద్దున తడి చేత్తో పట్టుకుని చూడు, తెలుస్తాది."

భర్త నా వైపు చూసి పెదవి విరిచాడు. నేనూ ఆయన వైపే చేరిపోయానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆమె మాటల్లో ఉన్న రెండు గుర్తులు, పొద్దున కొట్టడం, దినామూ కొట్టకపోవడం, రెండింటినీ వదిలేశాను. నాకు కావలసిన తప్పు నా కళ్ళకి ఇంకోచోట దొరికింది.

గొట్టాలకీ పెట్టెలకీ తగిలించిన ఎర్తు వైరు పెరట్లో మధ్యగోడ మొదట్లో ఉన్న గుంతలోకి దిగుతుంది. పిల్లలకి ఇది ఒక్కటి చెప్పాలి. ఇంట్లో ఇనుముతో చేసిన ప్రతి కరెంటు సామానుకీ నేల దాకా ఒక దారి ఉండాలి. లోపల వైరు తెగి ఇనుముకి తగిలితే, కరెంటు ఆ దారిన భూమిలోకి పరిగెత్తుతుంది, ఆ ఉరుకుకి ఫ్యూజు కాలిపోతుంది, మనిషి బతుకుతాడు. ఆ దారి బాగుండాలంటే గుంతలో గొట్టం చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వెయ్యాలి, ఎండాకాలం నీళ్ళు పొయ్యాలి. బళ్ళారి నేల సంగతి చెప్పక్కర్లేదు కదా. కింద రాతిగుండు, పైన ఎండ. తడి లేకపోతే ఎర్తు ఉన్నా లేనట్టే.

గుంత మీది బండ పక్కకి జరిపితే దుమ్ము లేచింది. భూమిలోకి దారి ఎంత బాగుందో కొలిచే మెగ్గరు, చేత్తో తిప్పేది, పెట్టి చూశాను. ముల్లు చూపించింది చూసి, ఇది ఎర్తు కాదు, గుంతలో పాతిపెట్టిన గొట్టం అంతే అనుకున్నాను. ఆ గుంత తవ్వినవాడు ఒక ముసలి వైరింగు మేస్త్రి. ఇంట్లో ఉర్దూ, బజార్లో కన్నడం, మాతో తెలుగు మాట్లాడేవాడు. బొగ్గూ ఉప్పూ మిగుల్చుకుని మట్టి పూడ్చి ఉంటాడని నాకు వెంటనే అనుమానం వచ్చింది. అనుమానం కూడా కాదు, తేలిపోయిందనే అనుకున్నాను. ఒక్క పార తెప్పించి తవ్వించి ఉంటే సరిపోయేది. తవ్వించలేదు. ఆఫీసుకి పోయి రిపోర్టు రాశాను. ఇంజనీరు రెండుసార్లు చదివి, మేస్త్రి లైసెన్సు ఆపేశాడు.

బయల్దేరేముందు అన్నకి రెండు మాటలు చెప్పాను. తీగ గొట్టం నుంచి విప్పెయ్యి, వేరే మేస్త్రిని పెట్టి గుంత మళ్ళీ తవ్వించు. విప్పాడా, తవ్వించాడా అని నేను మళ్ళీ పోయి చూడలేదు. తర్వాత తెలిసింది, నేను వేరే మేస్త్రిని పెట్టమన్నందుకు ఆయనకి నా మీద అనుమానం వచ్చిందట. "ఆ ఇంకో మేస్త్రి దగ్గర ఈయనకేదో ఉండాది" అని అంగట్లో అన్నాడట. అందుకని పని ఆపేశాడు.

ముసలి మేస్త్రి ఆఫీసు మెట్ల దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"సాబ్, తవ్వి చూడండి. బొగ్గు లేకుంటే నా చెయ్యి నరకండి."

"ఊరికే అయితే ముల్లు అంత చూపిస్తుందా మేస్త్రీ?"

"నీళ్ళు పోస్తాండారా అని అడిగినారా? నేను ఆ తల్లికి చెప్పిచ్చినా, వారానికొక బిందె ఉప్పునీళ్ళు పొయ్యమని."

అడగలేదు. కానీ అడగలేదని ఒప్పుకోలేదు. గట్టిగా ఒట్లు పెట్టుకునేవాళ్ళనే ఎక్కువ అనుమానించాలని నా సిద్ధాంతం. తల తిప్పుకుని సైకిలెక్కాను.

నెలా పదిహేను రోజులు గడిచాయి. ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున ఎనిమిదిన్నరకి ఆఫీసు తలుపు తీస్తుండగానే అన్నగారి అంగట్లో గుమాస్తా రొప్పుతూ వచ్చాడు. వాళ్ళ అమ్మగారు దండేనికి అతుక్కుపోయిందట. ప్రాణం ఉంది. టాంగాలో ఆస్పత్రికి తీసుకుపోయారట. ఇంజనీరు అప్పుడే వచ్చాడు. ఇద్దరం సైకిళ్ళ మీద పోయాం.

పెరట్లో తడి బండ మీద తడిసిన చీరలు కుప్పగా పడి ఉన్నాయి. తెగిన తీగ ఒక ముక్క గొట్టం నుంచి వేలాడుతోంది. పక్కనే ఒక రోకలి. జరిగింది పక్కింటి ముసలామె చెప్పింది. ఈమె చీర ఆరేస్తూ కేక పెట్టింది. ఒక్క కేకే, తర్వాత గొంతు రాలేదు. గోడ అవతల నుంచి తమ్ముడి భార్య చూసింది. ఆ గోడెక్కి దూకి, రోకలి తీసుకుని తీగను బాది తెంపేసింది. ఏడాదిన్నరగా ఒకరి ముఖం ఒకరు చూసుకోని తోడికోడళ్ళు.

ఇప్పుడు ఆ తమ్ముడి భార్య గోడవార కూర్చుని ఉంది. మోకాలు గీరుకుపోయి రక్తం కారుతోంది. ఆమె ఎదురుగా నిలబడి అన్న అరుస్తున్నాడు.

"అంత బిరీన ఎట్లొచ్చినావు? నీకు ముందే తెలుసునా ఏంది?"

నేను ముందు మెయిన్ ఆపేశాను. పిడి కిందికి లాగి, ఫ్యూజులు కూడా పీకి జేబులో వేసుకున్నాను. తర్వాత నిదానంగా గొట్టం మీద టెస్టరు పెట్టాను.

వెలిగింది.

జేబు తడిమి చూసుకున్నాను. ఫ్యూజులు నా జేబులో ఉన్నాయి. ఆ ఇంట్లోకి కరెంటు రావడానికి దారే లేదు. అయినా దీపం గొట్టం, మెయిన్ పెట్టె, వేలాడే తీగ ముక్క, అన్నీ వెలుగుతున్నాయి. ఇంజనీరు నా చేతిలోని టెస్టరు లాక్కుని తనే పెట్టి చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"చూసినారా!" అన్నాడు అన్న. "కరెంటు తీసేసినా కరెంటు! వాడే ఆ పక్క నుంచి ఎక్కిస్తాండాడు. నా ఇల్లు కాజేసేకి నా పెండ్లాన్ని చంపేకి చూసినాడు. పోలీసుల్ని పిలవండి!"

తమ్ముడు వీధిలో తన వాకిలికి తాళం వేసి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మడత నలగని తెల్లచొక్కా. ముఖం ఆ చొక్కా కంటే తెల్లగా ఉంది.

"లోపల చూడాలప్పా" అన్నాను.

"యాల చూడాల? ఈడ ఏమీ లేదు. మీరందరూ మా అన్న మనుషులు. లోపలికొచ్చి మీరే ఏదో పెట్టి, దొరికిందంటారు."

నిజం చెప్పాలంటే, నేనూ అతన్నే అనుమానించాను. కరెంటు అంటే తెలిసినవాడెవడో ఒక వైరు గోడలోంచి తోసి ఉంటాడనుకున్నాను. ఇంజనీరు పోలీసులకి కబురు పంపడానికి గుమాస్తాని వెతుకుతున్నాడు. అప్పుడు తమ్ముడి భార్య కుంటుకుంటూ సందు తిరిగి వచ్చింది.

"తాళంచెవి ఇయ్యి" అంది మొగుడితో.

"నువ్వు గమ్మునుండు."

"ఇస్త్రీ పెట్టె అట్లే వదిలేసి దూకినా. నీ చొక్కాలు కాలిపోతాండాయి. ఇయ్యి!"

అప్పుడే అందరికీ వాసన తెలిసింది. తాళం తీసేసరికి లోపల పొగ. మడత మంచం మీద పరిచిన జంపఖానా, దాని మీద ఒరిగిపోయిన కరెంటు ఇస్త్రీ పెట్టె, దాని కింద గోధుమరంగుకి మాడిన చొక్కా. నేను గుడ్డ చుట్టుకున్న చేత్తో ప్లగ్గు పీకాను. గోడ అవతల నుంచి ఇంజనీరు కన్నడంలో అరిచాడు. "హోయ్తు! హోయ్తు!" పోయింది, పోయింది అని. టెస్టరు ఆరిపోయింది.

మళ్ళీ ప్లగ్గు పెట్టాను. అటు వెలిగింది. తీశాను. ఆరింది.

పెట్టె విప్పితే లోపల వైరు తొడుగు కాలి, రాగి పోగు ఇనుప రేకుకి తగులుతోంది. పాత సామాన్ల అంగట్లో కొన్న పెట్టె. తమ్ముడికి ఇస్త్రీ చొక్కా లేకపోతే అంగడికి పోయే అలవాటు లేదు. చొక్కాలు అయిపోయిన రోజు పొద్దున పెట్టె పెడతారు. అందుకే పొద్దున కొట్టింది. అందుకే దినామూ కొట్టలేదు. ఆమె చెప్పిన రెండు గుర్తులూ నా ముందుకొచ్చి నిలబడ్డాయి. ఇస్త్రీ చేసే ఆమెకి ఎందుకు కొట్టలేదంటే, పెట్టెకి కట్టె పిడి, ఆమె కాళ్ళ కింద పొడి జంపఖానా.

కానీ ఈ ఇంటి పెట్టెలోని కరెంటు ఆ ఇంటి గొట్టంలోకి ఎట్లా పోయింది? మా ఇద్దరికీ అర్థం కాలేదు. అర్థం కావడం నాకిష్టం లేదేమో కూడా. అప్పుడు గుంపులోంచి ముసలి మేస్త్రి ముందుకొచ్చాడు. కబురు విని కౌల్ బజారు నుంచి నడిచి వచ్చాడట. లైసెన్సు లేదు కాబట్టి దేన్నీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, మధ్యగోడ అడుగున సున్నం పూసిన ఒక చోటును కాలి బొటనవేలితో చూపించాడు.

"ఈడ కొట్టండి."

కొడితే పెళ్ళ ఊడింది. గోడలో చిల్లు. ఆ చిల్లులోంచి తమ్ముడి ఇంటి ఎర్తు వైరు అన్నగారి పెరట్లోకి వచ్చి, అదే గుంతలో, అదే గొట్టానికి బిగించి ఉంది. రెండిళ్ళకీ ఒకటే ఎర్తు. తమ్ముడింట్లో ఇస్త్రీ పెట్టె ఇనుముకెక్కిన కరెంటు ప్లగ్గు మూడో పిన్ను మీదుగా ఆ వైరు వెంట వచ్చింది. గుంత ఎండిపోయి భూమిలోకి దారి లేక, ఫ్యూజు కాలక, అన్నగారి గొట్టాల్లోకి మళ్ళింది. మెయిన్ ఆపితే మాత్రం ఏం లాభం? మెయిన్ స్విచ్చి ఎర్తు వైరును తెంచదు. తెంచకూడదు కూడా.

ఇంజనీరు పార తెప్పించాడు. తవ్వితే బొగ్గు ఉంది. ఉప్పు ఉంది. మేస్త్రి చెప్పినట్టే పొరలు పొరలుగా ఉన్నాయి. అన్నీ గవ్వలాగా ఎండిపోయి ఉన్నాయి.

"ఏడాది నించి నీళ్ళు పడలేదు సాబ్" అన్నాడు మేస్త్రి.

ఇంజనీరు అన్నవైపు తిరిగాడు. అన్న నేల చూశాడు.

"నేనే వద్దన్నా" అన్నాడు చివరికి. "పొయ్యద్దని మా ఆడామెకి చెప్పినా. ఆ పక్కామె గలాటా చేసింది."

తమ్ముడి భార్య ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "మరి శుక్రవారం శుక్రవారం తలకి పోసుకుని, జుట్టు ఇరబోసుకుని, మా గోడ మొదట్లో ఉప్పునీళ్ళు పోస్తాంటే ఏమనుకోవాల నేను? మాకేదో చేస్తాండాదనుకున్యా. వీధిలో నిలబడి తిట్టినా."

అన్న ఆమె మోకాలి వైపు చూశాడు. రక్తం ఇంకా ఆగలేదు. ఇంట్లోకి పోయి పసుపు తెచ్చి, ఆమె ముందు పెట్టి ఆస్పత్రికి బయల్దేరాడు.

ఇంజనీరు మాత్రం వదల్లేదు. చిల్లు ముందు కూర్చుని వైరును వేలితో మీటుతూ మేస్త్రిని అడిగాడు. రెండో మీటరుకి రెండో గుంత ఉండాలి కదా, ఇందులో కలపమని ఎవరు చెప్పారు? "యారు హేళిద్దు?"

మేస్త్రి నా వైపు చూశాడు. ఒక్క చూపే. నాకు గుర్తొచ్చింది.

రెండేళ్ళ కిందట, రోహిణి ఎండలో, తమ్ముడి పెరట్లో గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచాయి. కింద గుండు. మేస్త్రి చెమటలు కక్కుతూ నిలబడి, గుండు పగలగొట్టించడానికి వారం పడుతుందన్నాడు. నాకు ఆ రోజు ఇంకా నాలుగిళ్ళు ఉన్నాయి. తమ్ముడి భార్య ఇచ్చిన మజ్జిగ గ్లాసు నా చేతిలో ఉంది. "ప్రస్తుతానికి పాత గుంతలోనే కలిపెయ్యి మేస్త్రీ. వానలు పడినాక ఇంకోటి తవ్వుదువు" అన్నాను. కాగితంలో మాత్రం 'వేరే ఎర్తు ఉంది' అని రాసి సంతకం పెట్టాను. వానలు పడ్డాయి, పోయాయి. నేను మళ్ళీ ఆ మాట తలచుకోలేదు.

మేస్త్రి తల దించుకున్నాడు. "గుర్తు లేదు సాబ్" అన్నాడు ఇంజనీరుతో.

నన్ను కాపాడాడని మీరనుకుంటారు. నాకు ఆ మధ్యాహ్నమంతా వచ్చిన ఆలోచన ఇంకొకటి. ఎందుకు కాపాడాడు? ఏం అడగబోతున్నాడు? ఈ మాటను జేబులో పెట్టుకుని ఎన్నేళ్ళు నన్ను ఆడిస్తాడు? చేసిన తప్పు నాది, దాని బరువు మోస్తున్నది అతను, అయినా నేను అనుమానిస్తున్నది అతన్నే. మనసుకి అలవాటైన దారి అట్లాంటిది.

సాయంత్రం ఉండబట్టలేక కౌల్ బజారుకి పోయాను. ఇంటి ముందు గోనెపట్ట పరుచుకుని ఎవరివో పెట్రోమాక్స్ లైట్లు బాగు చేస్తున్నాడు. వైరింగు పని ఆగిపోయాక అదే బతుకు. నన్ను చూసి లేవలేదు. పక్కన చోటు చూపించాడు.

"ఇంజనీరుకి ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

లైటు గాజును ఊది తుడిచాడు. "చెప్తే ఏమయితాది సాబ్? నాది నోటిమాట. మీది కాగితం. కాగితంలో వేరే ఎర్తు ఉండాదని ఉంది. అయితే నేను తవ్వినట్టు మీకు అబద్ధం చెప్పి, పైసలు మింగి, ఇందులో కలిపినానంటారు. ఉండే దొంగతనానికి ఇంకో దొంగతనం ఎందుకు?"

"నామీద నమ్మకం లేదా?"

మొదటిసారి నవ్వాడు. "మీరే చెప్పండి."

రాత్రికి ఇంటికి పోయి అంతా కాగితం మీద రాశాను. పొద్దున ఆఫీసు తెరవగానే ఇంజనీరు బల్ల మీద నా కాగితం పెట్టాను. పాత గుంతలో కలపమన్నది నేను, వేరే ఉందని రాసింది నేను, తవ్వి చూడకుండా మేస్త్రి మీద రిపోర్టు రాసింది నేను. ఆయన ఎప్పట్లాగే రెండుసార్లు చదివాడు. తర్వాత కళ్ళజోడు తీసి, తలుపు మూసి, నెమ్మదిగా అడిగాడు. "యారిగోస్కర సుళ్ళు హేళ్తీయా?" ఎవరికోసం అబద్ధం చెప్తున్నావని. మేస్త్రి నాకేమైనా ఇచ్చాడా, శెట్టి ఇచ్చాడా, లేక మద్రాసు వాళ్ళందరం కలిసి తనని ఏదో ఇరకాటంలో పెట్టబోతున్నామా? ఒక మనిషి ఊరికే నిజం రాసి ఇస్తాడని నమ్మడానికి ఆయనకి వారం పట్టింది. నేను ఆయన్ని తప్పు పట్టను. ఆ వారంలో ఆయన నాకు నేనే అనిపించాడు.

మేస్త్రికి లైసెన్సు తిరిగిచ్చారు. నాకు తెక్కలకోటకి బదిలీ. కాలవ కింద కొత్తగా వరి మళ్ళు పెట్టిన ఊళ్ళు, కోస్తా నుంచి వచ్చిన రైతులు, మోటార్లు. శిక్షగా పంపారు కానీ అక్కడ నేల తడిగా ఉండేది, ఎర్తు మాత్రం దివ్యంగా ఉండేది. మేస్త్రి ఆ తర్వాత కూడా నాకు కనపడితే సలాం చేసేవాడు. నేను ఏ పని చెప్పినా, "రాసిస్తారా సాబ్?" అని జేబులోంచి పెన్సిలు తీసేవాడు. ఒకసారి టీ తాగుదాం రమ్మంటే కూడా అదే అడిగాడు. నవ్వాడు, కానీ పెన్సిలు తీశాడు.

బదిలీకి ముందు ఒక పని మిగిలింది. రెండిళ్ళకీ వేరువేరు గుంతలు. తమ్ముడి పెరట్లో గుండును మందుగుండు లేకుండా సుత్తీ శానాలతో తొమ్మిది రోజులు కొట్టించాం. నేను రోజూ పోయి నిలబడ్డాను. బొగ్గు నా కళ్ళ ముందే పడింది. ఉప్పు నా చేత్తో వేశాను. అన్నీ అయ్యాక, ఆ పాత ఇస్త్రీ పెట్టెనే బాగు చెయ్యకుండా తమ్ముడింట్లో పెట్టి చూపించాం. టప్పున ఫ్యూజు ఎగిరిపోయింది. మేస్త్రి ఆ పెట్టెను అక్కడే బాగు చేశాడు. "భూమి చేసే పని ఇదే" అని అందరికీ వివరించాను. అన్నదమ్ములిద్దరూ తలలూపారు. అన్నగారి భార్య ఊపలేదు.

ఆస్పత్రి నుంచి వచ్చి పది రోజులైంది. కుడిచేతి రెండు వేళ్ళు కాలి, గుడ్డ కట్టి ఉన్నాయి. ఆ వేళ్ళు మళ్ళీ పూర్తిగా ముడుచుకోవని డాక్టరు చెప్పాడట.

"నీ ఫ్యూజు సంగతి నాకు తెలీదప్పా" అంది. "గొట్టం పట్టుకో."

"పట్టుకుంటానమ్మా."

"చెప్పులిడువు. ఆ తడి బండ మీద నిలబడు." ఎడమచేత్తో చెంబెడు నీళ్ళు నా రెండు చేతుల మీదా పోసింది. తర్వాత గోడ వైపు తిరిగి కేకేసింది. "ఏమ్మే, పెట్టె పెట్నావా?"

గోడ అవతల నుంచి తోడికోడలి గొంతు వచ్చింది. "పెట్నా అక్కా! కొత్త ఫ్యూజేసి పెట్నాము. ఈసారి బాగు చేసింది పెట్నా. పట్టుకోమను!"

నేను రాసిన కాగితాలన్నీ ఆ క్షణంలో నా కళ్ళ ముందు తిరిగాయి. నా చేత్తో వేసిన ఉప్పు, నా కళ్ళతో చూసిన బొగ్గు, నేనే తిప్పిన మెగ్గరు. అంతా నాకు తెలుసు. అయినా గొట్టం దగ్గరికి పోయేటప్పటికి చెయ్యి ఆగింది. ఆమె నా చేతినే చూస్తోంది. పట్టుకున్నాను. చల్లగా, ఇనుములాగా ఉంది. అంతే.

వదలబోయాను.

"ఉండు. రోంత సేపు పట్టుకో" అంది.

పట్టుకుని నిలబడ్డాను. అన్నదమ్ములిద్దరూ నవ్వాపుకుంటున్నారు. ఆమె నవ్వలేదు. నా ముఖంలో ఏదైనా మారుతుందేమో అని రెప్ప వెయ్యకుండా చూసింది. ఎంతసేపో తెలియదు. చివరికి చెంబు కింద పెట్టింది.

"సరేప్పా. ఈ దినానికి సరిపోయినాది. రేప్పొద్దున కూడా వచ్చి పట్టుకుని పో."

పోయాను. బదిలీ కాగితం వచ్చేదాకా, పన్నెండు రోజులు, ప్రతి పొద్దునా ఆఫీసుకి పోయే దారిలో ఆ ఇంటి పెరట్లో చెప్పులు విడిచి, తడి చేత్తో ఆ గొట్టం పట్టుకుని నిలబడి, ఆమె "సరే" అన్నాకే సైకిలెక్కాను.